పింగళ బీమా వృత్తాంతము

జ్యేష్ఠమాసపు అపరాహ్ణము మండుటెండల తుదిగడియలను ఎట్లో నెట్టుకొనుచు పెద్దాపుర పట్టణముపై నిశ్చలముగ నిలిచియుండెను. పాండవుల మెట్ట మీది బండలు పగలెల్ల గ్రోలిన తాపమును మెల్లమెల్లగ వెడలగ్రక్కుచుండగా తూర్పున సముద్రము దిక్కున నల్లని మబ్బుతునక యొకటి వచ్చుదునా మానుదునా యని తటపటాయించుచుండెను. వీధులయందు జనసంచారము లేదు. మామిడిపండ్ల వర్తకుడు తన తోపుడుబండి నీడలోనే మేను వాల్చి నిదురపోవుచుండెను. అట్టివేళ మరిడమ్మ గుడికి పోవు త్రోవలోని యొక పెంకుటింటి అరుగుపై ఒక పురుషుడును ఒక స్త్రీయు ఒక శునకమును ఆ మబ్బువంకనే చూచుచు మౌనముగ కూర్చుండియుండిరి.

ఆ పురుషుని పేరు కొమ్మిరెడ్డి సత్యలింగము. ముప్పదియేండ్లకు పైగా జీవితబీమా ప్రతినిధిగ వర్తించి చుట్టుప్రక్కల గ్రామములన్నియు స్కూటరుపై గాలించి రైతులచేతను షావుకార్లచేతను బడిపంతుళ్లచేతను సంతకములు చేయించి యిటీవలనే విశ్రాంతి గొన్నవాడు. చావుమాట నోట పలుకకయే చావుభయము పుట్టించుటయందు ఆయనకు సాటి లేరని తోటివారు చెప్పుకొనెడివారు. భగవంతుడు మిమ్ము నూరేండ్లు చల్లగ చూడవలెనని మొదలిడి ఆ పిమ్మట యింటియజమానుని భార్యవంక ఒక్కక్షణము జాలిగ చూచి ఊరకుండుటయే ఆయన విద్యకెల్ల సారము. మరియొక నియమము కూడ ఆయనకు కలదు. మూఢములో గాని శూన్యమాసములో గాని తొలి సంతకము చేయించి యెరుగడు. పంచాంగమును దరఖాస్తులును ఆయన సంచిలో నొకదాని ప్రక్క నొకటి యుండెడివి. మంచిఘడియలో మొదలిడిన బీమాకు ఆపద రాదని జనుల నమ్మిక. ఆపద రానిచో బీమా యెందులకని వారును అడుగలేదు ఈయనయు చెప్పలేదు.

ఆ స్త్రీ ఆయన భార్య మంగతాయారు. వారికి సంతానము కలుగలేదు. ఆ లోటునకు వగచు వయస్సు దాటిన పిదప బదిలీపై ఒడిశా దేశమునకు పోవుచున్న బ్యాంకు మేనేజరొకడు తన వెంట గొనిపోజాలక ఒక కుక్కపిల్లను తెచ్చి ఆమె యొడిలో పెట్టి పోయెను. గోధుమవన్నె మేనును వ్రేలాడు చెవులును గల ఆ జాతికుక్కకు పింగళ యని పేరిడినవాడు సత్యలింగమే. కుక్క గడప దాటి లోనికి రారాదని ఆయన తొలిదినమున చేసిన శాసనము వారము తిరుగకమునుపే ఆయన మంచము క్రింద గుఱకపెట్టుచుండెను. పింగళ దొంగలను చూచి మొరగదు. గ్యాసుబండ తెచ్చువానిని చూచి మాత్రము వీధి దద్దరిల్లునట్లు మొరగును. సాయంకాలము మంగతాయారు తోటకూర ఏరుచుండగా ఆమె పాదముపై గడ్డమానించి కన్నులు మూయును. పాదము తిమ్మిరియెక్కినను ఆమె కదల్చి యెరుగదు. దానిని కుక్క యని ఎవరేని యన్నచో ఆమెకు కష్టముగ నుండెడిది. బిడ్డ యని ఎవరేని యన్నచో అంతకంటె కష్టముగ నుండెడిది.

ఆ సాయంకాలము మబ్బు రాలేదు గాని నూకరత్నము వచ్చెను. ఈమె ఒకప్పుడు సత్యలింగము వెంట తిరిగి ఆ విద్య నేర్చిన గడుసరి. నలువదేండ్ల ప్రాయమున ఇపుడు తానే యొక ప్రతినిధియై మనుష్యులకును మోటారుబండ్లకును పాడిగేదెలకును బీమాలు చేయించుచుండెను. అరుగుపై చతికిలబడి మజ్జిగ త్రాగి పింగళ తల నిమిరి వచ్చినపని విన్నవించెను.

"గురువుగారూ, ఇప్పుడు కుక్కలకి కూడా వచ్చిందండి. జబ్బు చేస్తే ఖర్చులిస్తారు, ఆపరేషనుకిస్తారు, కర్మం చాలక పోతే కొంత సొమ్మిస్తారు. ఏడేళ్లు నిండితే మాత్రం కొత్తగా తీసుకోరంట. మన పింగళకి ఇంకా టైముంది కదా అని ముందు మీ దగ్గరికే వచ్చానండి."

తాతకు దగ్గులు నేర్పుట యన నిట్టిదే. సత్యలింగము చిరునవ్వుతో కళ్లజోడు సవరించుకొని ఆమె తెచ్చిన కాగితములను పుచ్చుకొనెను. పెద్దయక్షరములను ఆయన చూడనైన చూడలేదు. తిన్నగ చిన్నయక్షరములున్న వెనుకవైపునకు త్రిప్పెను. పుట్టుకతో వచ్చిన జబ్బు చెల్లదు. పండ్లజబ్బు చెల్లదు. కాన్పు చెల్లదు. బీమాకు పూర్వమే యున్న రోగము చెల్లదు. బీమా మొదలైన తొలిమాసమున పుట్టిన రోగమును చెల్లదు. ఇట్లు చెల్లనివానిని చదువుచు పోగా చెల్లునది చేటలోని తాలు విసిరిన పిదప మిగులు గింజలంత కనబడెను. ఏటేట కట్టవలసిన సొమ్ము వారి రెండునెలల వెచ్చములకు సరిపడునంత. కుక్క యారోగ్యముగ నున్నచో అది యెల్ల గోదావరిపాలు. జబ్బుపడినచో ఆ జబ్బు ఏ పట్టికలో చేరునో యని వాదము. ఇన్నియేండ్లు ఇతరుల యరుగులపై కూర్చుండి గొడుగు వానకు ముందే కొనవలెనని గొంతు తడియారునట్లు చెప్పిన ఆ మహానుభావునకు ఇపుడు తన యరుగుపై ఆ మాటయే వినబడుచుండగా నమ్మబుద్ధి పుట్టకపోయెను. మిఠాయి వండువానికి మిఠాయి సహింపనట్లు ఆయనకు బీమా సహింపదాయెను.

"కట్టిన డబ్బు విడిగా బ్యాంకులో వేసుకుంటే అదే బీమా కదా నూకరత్నం" అని ఆయన పలికెను.

"ఆ మాట పూర్వం మీతో అన్నవాళ్లకి మీరేం జవాబు చెప్పేవారో నాకు తెలుసండి" అని ఆమె నవ్వి ఊరకుండెను.

అంతవరకు తోటకూర కాడలు త్రుంచుచు వినుచున్న మంగతాయారు అప్పుడు తలయెత్తెను. ఆమె సాధారణముగ భర్త వ్యాపారవిషయములలో నోరు విప్పునది కాదు.

"డబ్బు తిరిగొస్తుందో రాదో నాకక్కర్లేదండీ. రేపు దీనికేదైనా వచ్చి ఇంతవుతుందని పశువుల డాక్టరమ్మ చెప్పిందనుకోండి. మీరు ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తారు. కూడదని కాదు, మీ అలవాటది. ఆ నిమిషం మనింటికి రాకుండా ఉంటుందని కట్టమంటున్నాను."

ఇంతకాలపు తన వాగ్వ్యాపారములో ఇంత సూటియైన మాట ఒక్కటియు తనకు తట్టనందుకు సత్యలింగమునకు కొంత సిగ్గు కలిగెను. కుక్కకు బీమా వ్యయమునకు తగునా తగదా యను మీమాంస అచ్చటితో ముగిసెను. కట్టుటకే నిశ్చయమయ్యెను. నూకరత్నము సంచినుండి కలము తీసెను.

"ఇప్పుడు కాదు" అని సత్యలింగము చేయి అడ్డముపెట్టెను. "శుక్రమౌఢ్యం నడుస్తోంది. అది విడిచేసరికి ఆషాఢం పడుతుంది. శ్రావణంలో మొదటి శుక్రవారం మంచి ఘడియ చూసి చేద్దాం. అప్పటికి దానికి ఏడేళ్లు నిండవులే."

"కుక్కకి కూడా మూఢం చూస్తారేంటండి గురువుగారూ. ఆలస్యం అమృతం విషం అన్నారు."

"అది మాత్రం ప్రాణం కాదా?"

ఆ ప్రశ్నకు ఎవ్వరును కాదనజాలరు గదా. నూకరత్నము కలమును మరల సంచిలో పడవైచి వెడలిపోయెను. మంగతాయారునకు సైతము భర్త పింగళను మనుష్యులతో సమముగ నెంచి ముహూర్తము చూచుట మురిపెముగనే తోచెను. పెండ్లికి చూతురు. గృహప్రవేశమునకు చూతురు. ఆ వరుసలో తన పింగళ చేరుట ఆమెకు గౌరవమే. ముంచుకొని వచ్చు కీడు తాను మాత్రము పంచాంగము చూచుకొని రాదను సంగతి ఆ దంపతులకు గాని ఆ దేశమున మరియెవ్వరికి గాని ఆ క్షణమున తట్టలేదు.

ఆషాఢము వచ్చెను. మరిడమ్మ జాతర డప్పులతో ఊరు మారుమ్రోగుచుండగా వానలు పట్టుకొనెను. ఆ చప్పుళ్లకు బెదరి పింగళ మంచము క్రింద చేరి రెండు దినములు బయటికి రాదాయెను. జాతరసందడి సద్దుమణిగిన యొక ఉదయమున మంగతాయారు దానిని పెరటిలో నిలిపి వేపాకు వేసి కాచిన నీళ్లతో స్నానము చేయించుచుండెను. పొట్టక్రింద సబ్బు రుద్దుచున్న ఆమె వ్రేళ్లకు వెనుకచనుమొన ప్రక్క ఏదియో గట్టిగ తగిలెను. ఆమె చేయి నిలిచెను. మరల తడిమెను. చర్మముక్రింద కందిగింజంత గడ్డ. పింగళ నొప్పియనలేదు. అమ్మ ఆడుచున్నదనుకొని తడితోక నాడించి ఆమె మొగమంతయు నీళ్లుచిమ్మెను.

"ఏవండీ, ఒకసారిటు రండి."

సత్యలింగము వచ్చి తడిమి చూచెను. ఆయన మొగమును పాలిపోయెను.

"డాక్టరమ్మ ఆసుపత్రి ఎనిమిదింటికే తీస్తుంది. ఇప్పుడే తీసుకెళ్దాం పదండి" అని ఆమె చేతులు తుడుచుకొనుచుండెను.

ఆయన స్కూటరు తాళపుచెవి చేతబట్టి వీధిగుమ్మము వరకును పోయెను. అచ్చట ఆగెను. ఆ యొక్క నిమిషమే మంగతాయారు భయపడిన నిమిషము. అయితే ఆమె యూహించినట్లు సొమ్ము లెక్కించుకొనుటకై ఆయన యాగలేదు. సొమ్మునకు కక్కుర్తిపడెనని పాఠకులు తలంచినచో అది అన్యాయము. గడ్డ తీయించుటకు కావలసిన ధనము ఆయనయొద్ద లేకపోలేదు. ఆయనను నిలిపినది సొమ్ము కాదు విద్య. నియమమెరుగని పామరుడైనచో నిమిషమాలోచింపక వైద్యురాలి గుమ్మము త్రొక్కియుండును. సత్యలింగము నియమములెల్ల నెరిగిన ఘనుడు. శకునము చెప్పు బల్లి కుడితిలో పడునది ఇట్టివేళలనే.

ఆయన వెనుకకు వచ్చి పెరటిగట్టుపై కూర్చుండెను.

"మంగా, ఇవాళ తీసుకెళ్తే ఆవిడ చీటీలో రాస్తుంది. రాసిందంటే అది పాత రోగమైపోతుంది. ఇంక ఈ జన్మకి దీనికి ఏ కంపెనీ బీమా ఇవ్వదు. ఈ గడ్డకే కాదు, రేపు ఇంకోటి వచ్చినా ఇవ్వదు. శ్రావణంలో పాలసీ చేయించి ఒక్క నెల తిరగనిద్దాం. అప్పుడు చూపిస్తే మొదటి నుంచి చివరి దాకా వాళ్లే పెట్టుకుంటారు. ఈ జాతికి కొవ్వుగడ్డలు మామూలే. ఎంతుందని? కందిగింజ."

"చూపిస్తే మంచిదేమో."

"నేను చెడు చెప్తానా? దాని మంచికే కదా."

ఆ స్వరమునకు లొంగని గడప ఆ ప్రాంతమున లేదు. ఊరూరివారు నమ్మి సంతకములు చేసిన ఆ నోటిమాటను కట్టుకొన్న భార్య యెట్లు నమ్మకుండును. ఆమె తువ్వాలుతో పింగళను తుడిచి ఎండలో నిలిపెను. తాళపుచెవి మరల కొక్కెమునకు చేరెను.

శ్రావణ శుక్రవారమున వర్జ్యము లేని ఘడియలో నూకరత్నము కాగితములతో వచ్చెను. సంతకములకు మునుపు శునకము ఆరోగ్యముగ నున్నదని పశువైద్యుల ధ్రువపత్రము కావలసియుండెను. కావున నలుగురును కలసి మెయిన్‌రోడ్డులో పశువైద్యశాల నడుపుచున్న డాక్టరు షమీముకడకు పోయిరి. ఆమె మిక్కిలి దయగలది. గేదెలతోను మేకలతోను కోళ్లబుట్టలతోను వాకిలి క్రిక్కిరిసియున్నను పింగళను చూడగనే పనియాపి పలుకరించునది. చిన్నపిల్లగ నున్ననాటినుండి దానికి టీకాలు వేయుచున్నది ఆమెయే.

పింగళను బల్లపై కెక్కించిరి. షమీము దాని కన్నులు చూచెను. పండ్లు చూచెను. గుండె చప్పుడు వినెను. జ్వరము చూచెను. బల్లకావలివైపున నిలిచిన మంగతాయారు జారిపడకుండుటకై యనునట్లు కుక్క పొట్టక్రింద చేయివేసి పట్టుకొనియుండెను. ఆ యరచేతి నడుమ ఆ గడ్డ యుండెను. అది యిపుడు కందిగింజ కాదు. రేగుపండు.

"ఈ మధ్య ఏమైనా గమనించారా అండీ? తిండి తగ్గడం, దగ్గు, గడ్డలూ గట్రా?" అని షమీము వ్రాయుచునే యడిగెను.

"ఏమీ లేదమ్మా" అని సత్యలింగము చెప్పెను.

షమీము తలయెత్తి అలవాటు చొప్పున మంగతాయారువంక చూచెను. మంగతాయారు చేయి తీయలేదు. పింగళ పరిచితమైన ఆ చేతి వేడికి సుఖించి ఆమె మోచేతిని నాకెను. వైద్యురాలు నవ్వి ధ్రువపత్రముపై ముద్రవేసెను. నూకరత్నము గుమ్మమునొద్ద నిలిచి ఫోనులో మాటలాడుచున్నందున ఆమెకు ఇందేమియు తెలియదు.

పిదప తొలిమాసము గడవవలసియుండెను. లోకమున నిరీక్షణలనేకములు కలవు. బిడ్డ పుట్టుటకై వేచియుందురు. వాన కురియుటకై వేచియుందురు. తన చేతిక్రింద పెరుగుచున్న మృత్యువును ప్రతిదినము తడిమి చూచుచు అది చెల్లుబాటగు తేదీకై వేచియుండుట మాత్రము ఆ యింటిలోనే జరిగెను. మొదట మంగతాయారు తడిమినపుడెల్ల భర్తకు చెప్పుచుండెను. పిదప చెప్పుట మానెను. ఆయనయు నడుగుట మానెను. పింగళ గ్యాసుబండవానిని చూచి లేచి నిలిచెను గాని మొరగలేదు. పెట్టినది సగము తిని పళ్లెము ప్రక్కనే పడుకొనసాగెను.

ఒక సాయంకాలము ఆమె ఆగలేక పలికెను. "పోదామండీ. డబ్బు పోతే పోయింది. నాకు భయమేస్తోంది."

సత్యలింగము గోడకు వ్రేలాడు క్యాలెండరువంక చూచెను. ఆయనకును భయముగనే యుండెను. అయిన నింతకాలము వేచినదంతయు వ్యర్థమగునను తలంపు ఆ భయముకంటె బలవత్తరమై ఆయనను పట్టియుంచెను. "ఇంత ఆగాం. ఈ కాస్తకీ తొందరపడితే రెంటికీ చెడతాం" అని ఆయన మెల్లగ ననెను. రెంటికి చెడిన రేవడి యెవరో ఆయనకు తెలియలేదు.

మాసము తిరిగెను. మరునాటి యుదయముననే వారు వైద్యశాల తెరువకమునుపే గుమ్మమున నిలిచిరి. షమీము పింగళను వెల్లకిల పరుండబెట్టి పొట్టపై చేయివేసెను. నిమ్మకాయంత గడ్డ. దాని ప్రక్కన మరి రెండు.

"ఇది మొన్న లేదే. లేదు కదండీ? నెలలో ఇంతెలా పెరిగింది?" ఆమె మరల మరల తడిమి చూచి కన్నులలో నీరు నింపుకొనెను. "నేనే సరిగ్గా చూడలేదేమో. ఆ రోజు జనం ఎక్కువున్నారు. పొట్ట చూసి ఉండాల్సింది. తప్పు నాదేనండీ."

ఇదియే సత్యలింగము నోరు తెరువవలసిన గడియ. ఒక్కమాట చాలును. ఆ వైద్యురాలి గుండెపైని భారము దిగును. అయితే ఆ మాట పలికినచో బీమా చెల్లదు. బీమా చెల్లనిచో ఇంతకాలము వేచినదానికి అర్థము లేదు. అర్థము లేదని యొప్పుకొన్నచో తాను చేసినది యేమియో దాని పేరుతో పిలువవలసివచ్చును. అంతటి ధైర్యము ఆయనకు లేకపోయెను. "మీ తప్పేం లేదమ్మా" అని మాత్రము ఆయన పలికెను. అది నిజమే గదా. నిజమును అంత నీచముగ వాడుకొనుట ఆయన జీవితమున అదియే ప్రథమము.

విశాఖపట్టణములోని పెద్ద పశువుల ఆసుపత్రికి కారులో గొనిపోయిరి. దారిపొడవున పింగళ మంగతాయారు ఒడిలో తలపెట్టుకొని కిటికీగాలికి చెవులల్లలాడ కన్నులు మూసికొనియుండెను. అచ్చటి శస్త్రవైద్యుడు ఎక్స్‌రే తీయించి దీపపుపలకపై నిలిపి చూపెను. రొమ్మునిండ తెల్లని చుక్కలు.

"ఊపిరితిత్తుల్లోకి వెళ్లిపోయిందండి. ఇప్పుడు కోసి దాన్ని బాధపెట్టడమే. చిన్నగా ఉన్నప్పుడు తెచ్చి ఉంటే పది నిమిషాల పని. పాపం, మీకు తెలియదు కదా."

బీమా సొమ్మెంతవరకు వచ్చునని ఆసుపత్రి గుమాస్తా యడిగినపుడు సత్యలింగము కాగితములన్నియు వరుసతప్పక అందించెను. వానిలో నొక్కలోపమైన లేదు.

పింగళ భాద్రపదము దాటలేదు. నొప్పి తెలియకుండ షమీము ఇంటికే వచ్చి మందు ఇచ్చుచుండెను. ఇచ్చిన ప్రతిసారియు క్షమింపుమని ఆ మూగజీవి చెవిలో చెప్పుచుండెను. ఆ మాట వినలేక సత్యలింగము వీధిలోనికి పోయెడివాడు. వానచినుకులు పడుచున్న యొక మధ్యాహ్నమున పింగళ మంచము క్రిందినుండి ఈడ్చుకొనుచు వచ్చి వంటయింటి గడపపై కూర్చున్న మంగతాయారు పాదముపై గడ్డమానించి మరల తీయలేదు. చాలసేపటివరకు ఆమె ఆ పాదమును కదల్పలేదు. పెరటిలో గొయ్యి త్రవ్వినవాడు సత్యలింగమే. కూలివానిని పిలిచెదమని పొరుగువారన్నను ఆయన పారను విడువలేదు.

అటుపిమ్మట బీమాసంస్థవారు ఒక్కప్రశ్నయు నడుగలేదు. చికిత్సకైన వ్యయమును మరణమునకు చెల్లవలసిన సొమ్మును కలిపి మొత్తము బ్యాంకులో జమచేసిరి. కట్టినదానికి అనేకరెట్లు వచ్చెను. వ్యయమునకు తగునా తగదా యని యెవరేని లెక్కవేసి చూచినచో తగునని తేల్చుటకు ఇంతకంటె గట్టి దృష్టాంతము దొరకదు.

ఆశ్వయుజమాసమున వాన తెరపియిచ్చిన యొక పూర్వాహ్ణమున నూకరత్నము వచ్చి అరుగుపై కూర్చుండెను. పింగళను తలచుకొని నిజముగనే కన్నీరు పెట్టుకొనెను. కొంత తడవునకు కొంగుతో కన్నులొత్తుకొని సంకోచించుచు నడిగెను.

"పక్కింట్లోకి కొత్తగా రామచంద్రపురం నుంచి టీచరుగారొచ్చారు కదండి. వాళ్లకీ కుక్కుంది. మీ సంగతి వాళ్లకి చెప్పుకోవచ్చాండి? ఈ చుట్టుపక్కల కుక్కకి క్లెయిము పూర్తిగా వచ్చింది మీకే గురువుగారూ. మీ పేరు చెప్తే నమ్ముతారు."

సత్యలింగము తలయూపెను. ఊపక యేమిచేయును. ఆయన తన కాలమున ఎందరు విధవల పేర్లు ఎన్ని యరుగులపై చెప్పుకొనలేదు.

నూకరత్నము ప్రక్కయింటికి పోయెను. రెండిండ్లకును నడుమనున్నది ఒంటి యిటుకగోడ. ఈవల పెరటిలో మంగతాయారు చేటలో మినుములు చెరుగుచుండెను. సత్యలింగము స్తంభమునకు చేరబడి కూర్చుండెను. గోడకావల నూకరత్నము కంఠము స్పష్టముగ వినబడుచుండెను. ఆమె పింగళ పేరు చెప్పెను. దాని వన్నె చెప్పెను. జబ్బు హఠాత్తుగ వచ్చినదనియు బీమా యుండుటచే ఆ దంపతులు ఖర్చునకు వెనుదీయక విశాఖకు పరుగెత్తిరనియు చెప్పెను. ఎచ్చట ఊరకుండవలెనో అచ్చట ఊరకుండెను. ఆ యూరకుండుటలో లోపమేమియు లేదని ఇవతల నున్న గురువునకు తెలిసెను.

అప్పుడు ఆ క్రొత్త యిల్లాలి గొంతు వినబడెను. "అయ్యో. వాళ్లకి ముందేమీ తెలియలేదాండీ?"

"తెలిస్తే ఊరుకుంటారా అండీ? ప్రాణంగా పెంచుకున్నారు."

మంగతాయారు చేతిలోని చేట నిలిచెను. ఆమె భర్తవంక చూడలేదు. ఆయన ఆమెవంక చూచెను గాని చూపు నిలుపజాలక నేలను చూచెను. గోడకావలి నుండి కాగితములు తిరుగవేయు చప్పుడును సంతకము ఎచ్చట పెట్టవలెనని యడుగు గొంతును వరుసగ వినవచ్చెను. తన జీవితమునెల్ల ఇతరుల యిండ్లలో ఆ ప్రశ్నకై చెవియొగ్గిన ఆ వృద్ధుడు ఇపుడు రెండు చెవులు మూసికొనెను.